కప్పతల్లి పురుడు

మిర్యాలగూడ నుంచి వచ్చినవాళ్ళకు కప్పలను చూపిస్తూ పొద్దున్నే వేములపల్లి పొలాల్లో నడుస్తున్నాను. తొలివానకు నిండిన గుంటలో కప్పగుడ్లు జిగురు దండల్లా తేలుతున్నాయి. అంతలో ఆ పొలం రైతు దున్నుకుంటూ ట్రాక్టర్‌ను గుంట మీదికే తెచ్చాడు. అడ్డంగా నిలబడ్డాను.

"బావా, గీడ కప్పతల్లి పురుడు పోసుకుంది. తొక్కితే వాన అలిగి కోదాడ పోతది."

"నీ కోతలు నాకెర్క లేదా? మొన్న కప్ప పామును మింగిందన్నవ్."

అంటూనే దిగి, గుడ్ల వైపు చాలాసేపు చూశాడు. నిరుడు వానల్లేక వాళ్ళింటి ఆడవాళ్ళు రోకలికి కప్పను కట్టి ఇల్లిల్లూ తిరిగితే, ఊరంతా నీళ్ళు పోసి మొక్కింది. తిరగడం అయ్యాక ఆ కప్పను విప్పి నా చేతికే ఇచ్చారు.

"ఆ కప్ప బతికిందా?" అని మెల్లగా అడిగాడు.

ఏదో ఒక కథ చెప్పొచ్చు. నోరు రాలేదు.

"లేదు బావా. పొద్దుగూకకముందే సచ్చిపోయింది."

అతను ట్రాక్టర్ ఎక్కి, గుంట చుట్టూ జాగా వదిలి దున్నుకుంటూ పోయాడు.