లెక్చరరుగారి వెనక నడక

పొద్దున్నే మా కాలేజీ గ్రూపులో మెసేజ్ వచ్చింది: "అమ్మాయిలు ప్రాజెక్టు సంతకాల కోసం సార్ల గదికి ఒంటరిగా వెళ్ళవద్దు." సార్లు ఏం చెయ్యకూడదో కూడా రాశారేమోనని కిందికంటా చూశాను. ఒక్క ముక్క లేదు. ఒళ్ళు మండి ఫోను అమ్మమ్మ ముందు పెట్టాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చదివి, "మాకూ ఇదే చెప్పారే," అంది.

యాభైల్లో, కొల్లేట్లో చేపలు పట్టే ఇళ్ళ నుంచి కాలేజీకి వెళ్ళిన మొదటి పిల్ల మా అమ్మమ్మ. భీమడోలులో రైలెక్కి ఏలూరులో దిగేది. అప్పట్లో ఆడపిల్లలు తమంతట తాము క్లాసులోకి వెళ్ళకూడదట. వెయిటింగ్ రూములో కూర్చుంటే లెక్చరరుగారు వచ్చి గుమ్మం దగ్గర దగ్గాలి. ఆయన వెనక క్లాసులోని తొమ్మిదిమంది ఆడపిల్లలూ వరసగా నడవాలి, గంట కొట్టాక మళ్ళీ ఆయన వెనకే తిరిగి రావాలి. "తల్లి బాతు వెనక పిల్లల్లాగానే!" అని నవ్వుతుంది అమ్మమ్మ. మగపిల్లల నుంచి కాపాడటానికట ఆ ఏర్పాటు. కాపలా ఉన్నవాడి నుంచి ఎవరు కాపాడాలో ఒక్కరికీ తట్టలేదు.

అమ్మమ్మ స్నేహితురాలు ఒకావిడ, తాడేపల్లిగూడెం బియ్యం వ్యాపారి కూతురు. బోటనీ లెక్చరరు ఆమె రికార్డు బుక్కు తన దగ్గరే ఉంచేసుకుని, సంతకం కావాలంటే మధ్యాహ్నం గదికి రమ్మన్నాడు. సంతకం లేకపోతే పరీక్ష లేదు. వెళ్ళింది. ఆయన తలుపు గడియ పెట్టి ఆమె నడుం మీద చెయ్యి వేశాడు. విదిలించుకుని బయటపడింది. అమ్మమ్మ ఆమెని వెంటబెట్టుకుని నేరుగా ప్రిన్సిపాలు దగ్గరికి వెళ్ళింది.

"పెద్దాయనమ్మా. కూతురులాంటిదని చెయ్యేసుంటారు," అన్నారట ప్రిన్సిపాలు.

"కూతురైతే గడియెందుకండీ?" అంది అమ్మమ్మ.

ఆయన తాడేపల్లిగూడెంలో ఆమె ఇంటికి కబురు పంపారు. లెక్చరరు సంగతి చెప్పడానికి కాదు, పిల్లని కొన్నాళ్ళు ఇంట్లో ఉంచుకోమని!

మర్నాడు ఆ లెక్చరరే గుమ్మం దగ్గర దగ్గాడు. మిగిలిన ఎనిమిదిమందీ కదల్లేదు.

"రండమ్మా, టైమైంది."

"మీరెళ్ళండి సార్. మాకు దారి తెలుసండీ," అంది అమ్మమ్మ.

ఆయన వెళ్ళాక వాళ్ళంతట వాళ్ళే నడిచారు. వరండా నిండా మగపిల్లలు. ఒక్కడూ ఈల వెయ్యలేదు. రికార్డులన్నీ క్లాసులోనే, అందరి ముందే బల్ల మీద పెట్టారు. ఆ ఏడంతా సంతకాలు అక్కడే. ఆయన గది గడప మళ్ళీ ఏ ఆడపిల్లా తొక్కలేదు.

గూడెం పిల్ల మాత్రం తిరిగి రాలేదు. ఆ కొన్నాళ్ళు పెళ్ళిదాకా సాగాయి. ఆ లెక్చరరు రిటైరయ్యేదాకా పాఠాలు చెప్పి, దండలు వేయించుకుని మరీ వెళ్ళాడట. ఇక్కడికొచ్చేసరికి అమ్మమ్మ గొంతు తగ్గిపోతుంది. "ఆవేళ ఆ గదికి నేనూ తోడు వెళ్ళాల్సింది," అంటుంది. "తప్పు నీదా?" అని అరుస్తాను నేను. వినదు. డెబ్బై ఏళ్ళు అయిపోయాయి అంటారు అందరూ. గూడెం స్టేషన్లో రైలాగినప్పుడల్లా అమ్మమ్మకి ఇంకా ఆ మధ్యాహ్నమే.