అన్నయ్య కారుకి నూనె బ్రేకులు

పోయినవారం మా మనవడు నిక్షేపంలాంటి కొత్త కారుకి చక్రాలూ బ్రేకులూ విప్పించి, సరదాకి వేరేవి వేయించుకొచ్చి, చూడమని నన్ను వాకిట్లోకి పిలిచాడు. బాగున్నాయన్నాను. వాడు ముచ్చటపడుతూ ఒక్కొక్కటే చూపిస్తుంటే నేను మాత్రం గుడివాడలో మా వాకిట్లో నిలబడే అరవై ఏళ్ళ కిందటి మా పుట్టింటి ఊరు కోడూరుకి వెళ్ళిపోయాను. అప్పటికి నాకింకా పెళ్ళి కాలేదు.

మా అన్నయ్యకి రెండు సీట్ల కారు ఒకటి ఉండేది. పైన కప్పు లేదు. ఎవరో దొర దేశం వదిలి వెళ్తూ మద్రాసులో అమ్మేస్తుంటే ముచ్చటపడి కొన్నాడు. దివిసీమ కాలవగట్ల మీద దీనితో ఏం పనిరా అని నాన్నగారు విసుక్కునేవారు, ఊళ్ళోవాళ్ళు తొట్టికారని నవ్వేవారు. సైకిలుకున్నట్టు చక్రాలకి పుల్లలు, వాటి మధ్య ఇరుక్కున్న రేగడిమట్టిని గీకి తీయడం ఓ పూట పని. బ్రేకులు తీగలతో లాగేవి. తొక్కితే ఆగేది గాని, ఎక్కడ ఆగాలన్నది దాని ఇష్టం. వదినకి మాత్రం ఆ కారంటే ప్రాణం. కొంగు తలచుట్టూ బిగించుకుని అన్నయ్య పక్కన కూర్చుని వెళ్తుంటే అరుగుల మీద ఆడవాళ్ళు బుగ్గలు నొక్కుకునేవారు.

ఒక ఏడు కోతల రోజుల్లో గడ్డివాము దగ్గర వదినను రక్తపింజరి కాటేసింది. విరుగుడు సూదిమందు కావాలంటే బందరు ఆస్పత్రికి పరుగెత్తాల్సిన రోజులవి, మన వయసువాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. అన్నయ్య ఆమెను కారులో కూర్చోబెట్టుకుని బయల్దేరాడు. మూడో మనిషికి చోటు లేక మేమెవ్వరం వెళ్ళలేకపోయాం. దారి పొడుగునా కోసిన వరిపనలు కట్టలుగా వేసుకెళ్ళే ఎడ్లబళ్ళు. బ్రేకుల మీద నమ్మకం లేక ప్రతి బండికీ ఎంతో దూరం నుంచే నెమ్మది చేసుకుంటూ వెళ్ళాడట. గంట ముందు తీసుకొచ్చి ఉంటే దక్కేదని అక్కడి డాక్టరుగారు అన్నారట. ఆయన మామూలుగానే అని ఉంటారు. అన్నయ్య మాత్రం ఆ గంటను పట్టుకున్నాడు.

పెద్దకర్మ అయిన మర్నాడే కారు విప్పాడు. బెజవాడలో తుక్కు కింద పడేసిన పెద్ద కారు ఇరుసులు చక్రాలతో సహా తెప్పించాడు. పుల్లల చక్రాలు పోయి గట్టి రేకు చక్రాలు, వెడల్పాటి టైర్లు వచ్చాయి. తీగల బ్రేకులు పోయి నూనె బ్రేకులు వచ్చాయి. ఒక్క కన్నీటిచుక్క రాల్చలేదు. ఇల్లంతా మొద్దుబారిపోయింది. అమ్మ వడ్డించేది, మేము తినేవాళ్ళం, ఉప్పు తక్కువైనా ఎవరూ అనేవారు కాదు. నాకూ ఏడుపు రాలేదు. రాలేదే అన్న దిగులైనా కలగలేదు.

నూనె బ్రేకుల గొట్టాల్లో గాలి చిక్కుకుంటే పెడలు మెత్తగా లోపలికి దిగిపోతుంది, బ్రేకు పట్టదు. ఆ గాలి తీయడం ఇద్దరి పని. నేను సీట్లో కూర్చుని తొక్కితే, అన్నయ్య చక్రం పక్కన పడుకుని మర వదులు చేసేవాడు. రబ్బరు గొట్టంలోంచి గాజుసీసాలోకి నూనెతోపాటు బుడగలు వచ్చేవి. "తొక్కమ్మాయ్", "అట్టాగే పట్టుకో", "ఇక వదులు" - ఆ నెలల్లో ఆయన నాతో అన్న మాటలు ఇంతే. బుడగలు రావడం ఆగిపోయాక కూడా ఇంకాసేపు తొక్కమనేవాడు. నేను తొక్కేదాన్ని.

ఎండాకాలానికే పనంతా అయిపోయింది గాని కారు బయటికి తీయలేదు. మళ్ళీ కోతలొచ్చి, రోడ్డు మీదికి పనల బళ్ళు వచ్చాక ఒక పొద్దున నన్ను వదిన సీట్లో కూర్చోమన్నాడు. ఇన్నాళ్ళూ ఆగింది ఆ బళ్ళ కోసమేనని అప్పుడు తెలిసింది. పులిగడ్డ దాటి బందరు దాకా ఒకటే పరుగు. బండి వెనక దాకా దూసుకెళ్ళి తొక్కితే, ముకుతాడు లాగిన ఎద్దులా కారు అక్కడికక్కడే ఆగేది. బళ్ళవాళ్ళు నోటికొచ్చినట్టు తిట్టారు. ఆస్పత్రి గేటు ముందు ఆపి గడియారం చూసుకున్నాడు.

"గంట కాదమ్మాయ్. పావుగంటే కలిసొచ్చింది."

తన తప్పేమీ లేదని తెలిసింది కదా, ఇక కుదుటపడతాడనుకున్నాను. కాని తప్పు బ్రేకులదైనంత కాలం బాగుచేయడానికి ఆయనకి ఏదో ఒకటి ఉండేది. ఆ పొద్దుటితో అదీ లేకుండా పోయింది. తిరుగుదారిలో ఒక్క బండినీ దాటలేదు, వాటి వెనకాలే నడిపాడు. ఆ నెలలోనే కారు అమ్మేశాడు. మళ్ళీ పెళ్ళి మాట ఎత్తనివ్వలేదు. పొలం చూసుకుంటున్నాడు, బాగానే ఉన్నాడని అందరూ అనేవారు, నేనూ అన్నాను.

ఇప్పుడా గట్లన్నీ తారురోడ్లయ్యాయి, పనల బళ్ళు కనబడవు, బందరు వెళ్ళిరావడం ఒక ప్రయాణం కిందే లెక్క లేదు. కోడూరులోనే ఆస్పత్రి కట్టారు, ఆ సూదిమందు కూడా అక్కడికే వచ్చేసింది. అన్నయ్య బాగా పెద్దవాడై మా ఇంట్లో ఉన్న రోజుల్లో ఆ సంగతి నేనే చెప్పాను. ఆస్పత్రి ఎక్కడ కట్టారని అడిగాడు. కోడూరులో మన ఇంటి వీధి చివరేనన్నాను.

"అయితే నడిచే వెళ్ళొచ్చన్నమాట" అన్నాడు.