నెమలిగుట్ట పలకని రోజు

వైకుంఠరథం పుల్లయ్య చచ్చిపోయిన మనిషిని శ్మశానం దారిలోంచి వెనక్కి తిప్పుకొచ్చాడు. తన పక్కన ముందు సీట్లో కూర్చోబెట్టుకుని, దారిలో నిమ్మకాయ సోడా తాగించి, ఆవిడ చావుకని వేసిన షామియానా కిందే దింపాడు. నందిగామ నుంచి జగ్గయ్యపేట దాకా ఏ బస్సెక్కినా కొన్నాళ్ళు ఇదే మాట. నమ్మనివాళ్ళతో పేచీ లేదు. పుల్లయ్య బండి ఎక్కే రోజు అందరికీ వస్తుంది, అప్పుడు అడిగి తెలుసుకోవచ్చు.

ముందు ఊరి సంగతి చెప్పాలి. నెమలిగుట్ట ఒకప్పుడు సొంత పేరున్న ఊరు. కొండ పాదాన ఇళ్ళు, ఆదివారం సంత, సొంత శ్మశానం. పేట పెరిగీ పెరిగీ ఊరి అంచు తొక్కింది. ఆఖరికి రెంటినీ కలిపేశారు. ఊరి బోర్డు పీకేసి వార్డు నంబరు రాశారు. ఊరు పోయింది గానీ కొండను ఎవరూ కలపలేకపోయారు. అంత పలుకుబడి ఉన్న కొండ కృష్ణా జిల్లాలో ఇంకోటి లేదు. కింద ఎవరు తుమ్మినా పైన అది తుమ్మేది. అత్తాకోడళ్ళు తిట్టుకుంటే ఇద్దరి తరఫునా తనే తిరిగి తిట్టేది.

శవాన్ని తీసుకెళ్ళేటప్పుడు దారిలో ఒకచోట పాడె దించి, అయినవాళ్ళు చెవిలో మూడుసార్లు పిలుస్తారు. ప్రాణం ఏ మూలైనా ఉంటే పలుకుతుందని ఆశ. దింపుడు కళ్లం అంటారు. అన్ని ఊళ్ళలోనూ ఉన్నదే. నెమలిగుట్టలో మాత్రం కొండకెదురుగా ఒక నాపరాయి బండ ఉంది. పాడె దాని మీద దించి, కొండకు వినపడేలా పిలిచేవాళ్ళు. జనమంతా నోరు మూసుకుని వినేవాళ్ళు. మూడుసార్లూ కొండ ఆ పిలుపు తిరిగి పిలిచేది. కొండ పిలిచిందంటే మనిషి నిజంగా పోయినట్టు. ఏడుపులు అప్పుడు మొదలయ్యేవి.

ఆ బండకు పెద్ద దిక్కు పుల్లయ్య అన్న రత్తయ్య. పాడెలు పోయి బండి వచ్చాక, తమ్ముడి పక్కన ముందు సీట్లో కూర్చునేవాడు. బండ కనపడగానే, "ఇక్కడ ఆపరా" అనేవాడు. చెప్పకపోయినా పుల్లయ్య ఆపేవాడే. అయినా చెప్పేవాడు.

ఊళ్ళు కలిశాక కొండ కింద శ్మశానం మూసేశారు. చచ్చినవాళ్ళందరూ పేట శ్మశానానికే వెళ్ళాలన్నారు. రోడ్డు వెడల్పు చేశారు, సిమెంటు లారీలు ఎక్కువయ్యాయి. బండి కాంట్రాక్టరు పుల్లయ్యను పిలిచి, "దారిలో ఆపావో, తాళం ఇచ్చేసి ఇంటికి పో. దించేదేదో శ్మశానం గేటు దగ్గర దించుకోమను" అన్నాడు. గేటుకు ఎదురుగా రైసుమిల్లు. ఆ మోతలో పిలిచినవాడికే తన పిలుపు వినపడదు.

ఆ ఏడాదే రత్తయ్య పోయాడు. ఎండన పడి చేనునుంచి వచ్చి, మంచం మీద వాలి మళ్ళీ లేవలేదు. బండి తోలింది తమ్ముడే. రత్తయ్య భార్య ఆదెమ్మ ముందే వెళ్ళి బండ దగ్గర నిలబడి చెయ్యెత్తింది.

"ఆపు పుల్లయ్యా! ఒక్కసారి పిలుచుకుంటా!"

వెనకాలే కాంట్రాక్టరు మనిషి మోటారుసైకిలు మీద వస్తున్నాడు. పుల్లయ్య ఆపలేదు.

ఆ తరవాత వదిన అతనితో మాట్లాడలేదు. అతను ముందు సీట్లో ఎవర్నీ ఎక్కనివ్వలేదు. శవం వెంట వచ్చే పెద్దమనుషులు ఎంత గదమాయించినా వెనక్కే పంపేవాడు. బండ పక్కనుంచి వెళ్ళేటప్పుడల్లా ఒక్కసారి హారన్ కొట్టేవాడు. కొండ తిరిగి కొట్టేది. అది విన్నాకే గేరు మార్చేవాడు.

కిందటి వేసవిలో రాఘవమ్మగారు పోయింది. నాడి చూసినాయన పెదవి విరిచాడు, బంధువులు దిగారు, మనవడు కల్యాణ్ కుండ పట్టుకుని బండి వెనక ఎక్కాడు. మిట్టమధ్యాహ్నం. రోడ్డు మీద ఒక్క లారీ లేదు, చెట్టు మీద ఒక్క కాకి లేదు. బండ దగ్గర పుల్లయ్య హారన్ కొట్టాడు.

కొండ పలకలేదు.

మళ్ళీ కొట్టాడు. ఆ మోత కొండలోకి వెళ్ళి, గుడ్డలో మూటకట్టినట్టు అక్కడే ఉండిపోయింది. పుల్లయ్య బండి ఆపేశాడు.

"ఏమైందయ్యా?" వెనకనుంచి కల్యాణ్ అరిచాడు.

"దించాలి బాబూ."

"ఇక్కడ దించకూడదంట కదా! నీ ఉద్యోగం పోద్ది!"

"ఉద్యోగం నాది, నాయనమ్మ నీది. ముందు నీది చూసుకో. దించు."

దించారు. కల్యాణ్ వంగి, "నాయనమ్మా" అన్నాడు. కొండ ఊరుకుంది. రెండోసారి గట్టిగా పిలిచాడు. కొండ ఊపిరి బిగబట్టినట్టుంది. వెంట వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే రెండడుగులు వెనక్కి వేశారు. మూడోసారి కల్యాణ్ గొంతు పగిలేలా అరిచాడు.

"మెల్లగా అరవరా, నాకు చెవులున్నై" అంది రాఘవమ్మగారు కళ్ళు తెరవకుండానే.

వెనక్కేసిన అడుగులు పరుగులయ్యాయి. కాటికాపరికి కబురు చెప్పడానికని ఒకాయన బయల్దేరాడు గానీ కంచికచర్ల దాకా ఆగలేదంటారు. పుల్లయ్య మాత్రం ఆవిడ ముక్కులో దూది తీసి, బండి తిప్పాడు. తిప్పుతూ హారన్ కొట్టాడు. ఈసారి కొండ పలికింది.

షామియానా కింద పండగైంది. పుల్లయ్యను భుజాలకెత్తుకుంటామన్నారు. ఆ గుంపును తోసుకుంటూ ఆదెమ్మ వచ్చింది. ఇన్నాళ్ళకు నోరు విప్పింది.

"మీ అన్నని తీసుకెళ్ళిన రోజు హారన్ కొట్టావా?"

"అప్పటికి ఆ అలవాటు లేదు వదినా."

"కొండని పిలవనివ్వలేదు. నన్ను పిలవనివ్వలేదు. మరి ఆయన పోయాడని నీకెవరు చెప్పారు?"

పుల్లయ్య మజ్జిగ గ్లాసు కింద పెట్టేశాడు. చితి అంటుకున్నప్పుడు పక్కనే నిలబడ్డాడు తను. కట్టె చిటపటమంటే కట్టే అనుకున్నాడు.

ఆ సాయంత్రం పొద్దు వాలుతుండగా ఖాళీ బండి వేసుకుని బండ దగ్గరికి వెళ్ళాడు. పిలిచాక కొండ ఊరుకుంటే ఏం చెయ్యాలో అతనికి తెలియదు. ఇక బతికి ఏం లాభం అని కూడా అనుకున్నాడు. గొంతు సరిచేసుకుని, "రత్తన్నా!" అన్నాడు.

చాలాసేపు ఏమీ లేదు. తరవాత ఎక్కడో పైన, కొండ కొమ్ము దగ్గర, "రత్తన్నా" అని వినపడింది.

రెండోసారి పిలిచాడు. ఈసారి కొంచెం దగ్గరగా, కొండ నడుం దగ్గర పలికింది.

మూడోసారి పలికింది రోడ్డు అవతలే.

పోయాడు. నిజంగానే పోయాడు. పుల్లయ్య బండ మీద కూలబడి, అన్న కోసం అప్పుడు ఏడ్చాడు. ఏడ్చి, లేచి, బండెక్కి తాళం తిప్పాడు. ఎడమవైపు తలుపు తెరుచుకుని మూసుకుంది. సీటు స్ప్రింగు కిర్రుమంది. పుల్లయ్య అటు తల తిప్పలేదు.

"పలికిందా?" వాకిట్లోనే అడిగింది ఆదెమ్మ.

"పలికింది వదినా."

"మూడుసార్లూనా?"

"మూడుసార్లూ."

ఆవిడ లోపలికి వెళ్ళి అన్నం వడ్డించింది. రెండు కంచాలు పెట్టింది. రెండోది రత్తయ్య కూర్చునే చోట.

కాంట్రాక్టరు మర్నాడు, బండి ఎందుకు ఆపావని పుల్లయ్యను నిలదీశాడు. జవాబు చెప్పడానికి రాఘవమ్మగారే ఆటోలో వెళ్ళింది. ఆవిణ్ణి చూసి ఆయన కుర్చీ ఎక్కి నిలబడ్డాడని చెప్పుకుంటారు. ఆ తరవాత బండి బండ దగ్గర ఆగుతూనే ఉంది, వద్దన్నవాళ్ళు లేరు.

ఇదంతా పుల్లయ్యకు చదివి వినిపిస్తే, కొండ గురించి ఏమీ అనలేదు. తలుపు గురించీ అనలేదు. బండి అద్దం తుడుస్తూ, మొదట్లో రాసిన ముక్క ఒక్కటి దిద్దమన్నాడు:

"సోడా కాదు, ఇంటికొచ్చాక మజ్జిగ తాగింది. కూర్చుంది కూడా వెనకాలే. ముందు సీటు ఖాళీ లేదండి."