తప్పు అరల్లో పది పుస్తకాలు

శామీర్‌పేట దగ్గరున్న ఒక యూనివర్సిటీలో నేను లైబ్రేరియన్‌ని. ఏటా కొత్త విద్యార్థులకు పుస్తకాలు ఎలా వెతుక్కోవాలో గంటసేపు చెప్పేదాన్ని. వాళ్లు మర్యాదగా నిద్రపోయేవాళ్లు.

ఈ ఏడు చెప్పడం మానేసి, పని వాళ్ల చేతే చేయించాలనుకున్నాను. క్లాసుకు ముందు పది పుస్తకాలను కావాలనే తప్పు అరల్లో పెట్టాను. పుస్తకాల వెన్ను మీద అంటించిన నంబర్లు చూసి, వరుస తప్పినవాటిని పట్టుకురమ్మని పిల్లల్ని జంటలుగా పంపాను.

అరగంటలో నా బల్ల మీద పద్నాలుగు పుస్తకాలు చేరాయి.

"నేను మార్చింది పదే కదా" అన్నాను.

లాల్‌గడి మలక్‌పేట నుంచి వచ్చే అమ్మాయి నంబర్లు మళ్లీ సరిచూసింది. "గీ నాలుగు గూడ తప్పు జాగలనే ఉన్నయి మేడం. ఇవి ఎవలు వెట్టిన్రు?"

తెలియదన్నాను. వాటిలో ఒకటి మా చరిత్ర ప్రొఫెసర్ రెండేళ్లుగా అడుగుతున్న పుస్తకం. అది పోయిందని ఆయనకు ఉత్తరం రాసి సంతకం పెట్టింది నేనే.

"ఇది ఎక్కడ దొరికింది?" అని అడిగాను.

"కోళ్ల పెంపకం పుస్తకాల నడుమ మేడం."

ఆ మధ్యాహ్నమే పుస్తకం తీసుకెళ్లి, పిల్లలు వెతికి పట్టుకున్నారని ప్రొఫెసర్‌కు చెప్పాను.

"పిల్లలకు మస్తు నేర్పిన్రు మేడం" అన్నాడాయన. నవ్వలేదు.

మరుసటి వారం ఇంకో బ్యాచ్ వచ్చింది. ఈసారి నేను ఒక్క పుస్తకం కూడా కదపలేదు. తప్పు చోట ఉన్నవి తెమ్మని మాత్రం చెప్పాను. పదకొండు తెచ్చారు.