బస్సుకు ఎడమ పక్కన

మా అమ్మాయి సైకిల్ మీద గోవా వెళ్తానని చెప్పినప్పుడు నేను అన్నం తింటున్నాను. ఇరవై మంది కలిసి వెళ్తారట. ఆరు రోజులట, కొంకణ్ తీరం వెంట రోడ్డట. సామాను మోయడానికి వెనకాల మినీ బస్సు వస్తుందని, అందులో మెకానిక్ ఉంటాడని, తొక్కలేనివాళ్లు ఎక్కి కూర్చోవచ్చని ఒక్కొక్కటే చెప్పింది. ఆరు రోజులు రోడ్డు మీద అన్న మాట తప్ప నాకింకేమీ చెవికెక్కలేదు.

నేను ఇరవై ఏడేళ్లు సిటీ బస్సు నడిపి కిందటేడు మానేశాను. మా తాత పాలమూరు నుంచి వచ్చి ఈ ఊళ్లో ఇటుకలు మోశాడు. మా నాన్న మేస్త్రీ పని చేశాడు. మా ఇంట్లో స్టీరింగు పట్టినవాణ్ణి నేనే మొదట. కామాటిపురలో ఒకే వరండాకు గదులన్నీ తెరుచుకునే మా చాల్ వాళ్లు నాకు భయమంటే తెలియదనుకుంటారు. కానీ ఆ సీట్లో కూర్చున్నవాడికే తెలుస్తుంది, అక్కడి నుంచి ఎంత కనబడదో.

పదేళ్ల కిందట ఒక పొద్దున నాగ్‌పాడా దగ్గర బస్సును ఎడమకు తిప్పుతున్నాను. అద్దంలో చూశాను, ఎవరూ లేరు. సగం తిరిగాక ఎవరో బస్సు రేకు మీద అరచేత్తో దబదబా కొట్టారు. దిగి చూస్తే వెనక చక్రం కింద ఒక సైకిలు నలిగిపోయి ఉంది. పావ్ రొట్టెలు అమ్ముకునే మనిషి దానికి జానెడు దూరంలో రోడ్డు మీద కూర్చుని, చెదిరిపోయిన పావ్‌లు ఒక్కొక్కటే ఏరి సంచిలో వేసుకుంటున్నాడు. ఒంటి మీద గీతైనా పడలేదు. నా వంక చూడను కూడా చూడలేదు. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆ తరువాత ఎడమకు తిప్పిన ప్రతిసారీ నా వీపు చెమటతో తడిసేది.

అమ్మాయికి ఇరవై అయిదేళ్లు. ఆసుపత్రి ల్యాబులో పని. బయటంతా మరాఠీ, ఇంట్లో నాతో మాత్రం తెలుగు. అప్పటికే పేరు ఇచ్చేసి వచ్చింది కనుక వద్దనడానికి నాకు నోరు రాలేదు. నేనూ వస్తానన్నాను. తమాషాకు అన్నాననుకుని నవ్వింది.

“సైకిల్ తొక్కి ఎన్నేండ్లయింది బాపూ?” అని అడిగింది.

“నువ్వు పుట్టకముందు తొక్కిన. మర్సిపోయే విద్య కాదది” అన్నాను.

నాగ్‌పాడాలో ఒక పాత గేర్ల సైకిలు చూసుకున్నాను. మూడు నెలలు సాధన. తెల్లవారుతూనే ఇద్దరం సముద్రం ఒడ్డుకు వెళ్లి తొక్కేవాళ్లం. మొదటి వారం చాల్ మెట్లు ఎక్కలేక గోడ పట్టుకున్నాను. బృందాన్ని నడిపించే మరాఠీ ఆయన మాకు చేతి సైగలు నేర్పాడు. ముందు గుంత ఉంటే వేలితో చూపాలి, ఆగేటప్పుడు అరచెయ్యి వెనక్కి తెరవాలి. అన్నిటికన్నా ముఖ్యం, వరసలో ఉన్నప్పుడు ఎవరూ అరవకూడదన్నాడు. అందరూ తొడల నొప్పి గురించి, కూర్చునే చోట ఒరుసుకుపోవడం గురించి మాట్లాడుకునేవాళ్లు. నేను మాత్రం అమ్మాయి బ్రేకులు పదిసార్లు నొక్కి చూసేవాణ్ణి. విసుక్కునేది. అయినా ఆమె స్నానానికి వెళ్లగానే మళ్లీ వరండాలోకి వెళ్లి నొక్కేవాణ్ణి.

రెండో నెలలో ఒక ఆదివారం పన్‌వేల్ దాకా తొక్కడం పెట్టారు. వాశి వంతెన దాటాక మేం ఒకే వరసలో వెళ్తున్నాం. అమ్మాయి ముందుంది. ఆమె వెనక ధారావిలో ఉండే ఒక తెలుగు టీచరమ్మ, ఇంచుమించు నా ఈడుది. ఆమె వెనక నేను. ఒక ప్రైవేటు బస్సు మమ్మల్ని దాటుకుని వచ్చి అమ్మాయి పక్కకు చేరింది. ముందు ఎడమకు చిన్న రోడ్డు ఉంది. బస్సు ముందు చక్రం అటు తిరగడం చూశాను. నా బిడ్డ సరిగ్గా ఆ అద్దానికి అందని చోట ఉంది.

నేను అరిచాను. ఏమని అరిచానో నాకు గుర్తు లేదు.

బస్సు తిరిగి వెళ్లిపోయింది. అమ్మాయి ఒక కాలు నేల మీద ఆనించి నిలబడి ఉంది. నాకూ ఆమెకూ మధ్య టీచరమ్మ రోడ్డు మీద పడి ఉంది. నా అరుపుకు బెదిరి ముందు చక్రం బ్రేకు గట్టిగా పట్టేసింది. సైకిలు వెనక భాగం లేచి ఆమెను ముందుకు విసిరింది. మణికట్టు అప్పటికే వాస్తోంది.

మా వెనక తోడుగా వస్తున్న బండిలో ఆమెను ఆసుపత్రికి తీసుకువెళ్లారు. అమ్మాయి నా దగ్గరకు వచ్చింది. ఆమె గొంతులో కోపం లేదు, అదే నన్ను ఎక్కువ కుంగదీసింది.

“బస్సు ఇండికేటర్ నేను చూసిన బాపూ. ముందే స్లో అయిన. నువ్వు అరిసినందుకే టీచర్ పడ్డది.”

నేను కాపాడాలనుకున్న మనిషికి నా అవసరమే లేదు. నా భయం ఇంకొకరి ఎముక విరగ్గొట్టింది. టూరు నుంచి నా పేరు తీసేయమని చెబుదామనుకున్నాను. మూడో రోజు బత్తాయిలు తీసుకుని ధారావి వెళ్లాను.

టీచరమ్మ చేతికి కట్టు ఉంది. టూరుకు రాలేనని డాక్టరు తేల్చేశాడంది. నేను తల దించుకుని కూర్చున్నాను. ఆమె తిడుతుందని ఎదురు చూశాను. ఆమె మాత్రం టీ పెట్టించి, ఆ రోజు నేను అంతగా ఏం చూశానని అడిగింది.

టీ గ్లాసును బస్సు చేసి, బిస్కెట్టును సైకిలు చేసి బల్ల మీద చూపించాను. చూపిస్తూ చూపిస్తూ పావ్ అమ్మే మనిషి సంగతి కూడా చెప్పేశాను. పదేళ్లలో మొదటిసారి. ఆమె బిస్కెట్టును గ్లాసుకు ఎడమ పక్కకు జరిపి చూసింది.

“గిదంతా మాకెవ్వరికి తెల్వదన్నా” అంది. “అరుస్తే మాకేం సమజైతది? అందర్ని కూసోబెట్టి చెప్పుండ్రి.”

బయలుదేరడానికి వారం ముందు సామాను ఎలా సర్దాలో చూపడానికి మినీ బస్సును నాగ్‌పాడాలో ఒక ఖాళీ జాగాకు తెచ్చారు. బృందం నడిపే ఆయనను అడిగి, డ్రైవరు దగ్గర తాళం తీసుకున్నాను. ఒక్కొక్కరినీ డ్రైవరు సీట్లో కూర్చోబెట్టాను. మిగతావాళ్లను సైకిళ్లతో బస్సు ఎడమ పక్కన నిలబెట్టాను. అద్దాల్లో ఎంతమంది కనిపిస్తున్నారో లెక్కపెట్టమన్నాను. ఒకరు ‘ఇద్దరు’ అన్నారు, ఇంకొకరు ‘ఎవరూ లేరు’ అన్నారు. నవ్వుతూ ఎక్కినవాళ్లు దిగేటప్పుడు నవ్వలేదు.

చివర మా అమ్మాయి ఎక్కింది. మిగతావాళ్లను పక్కకు పంపి, బస్సుకు ఆనుకుని నేనొక్కణ్ణే సైకిలు పట్టుకుని నిలబడ్డాను. ఆమె అద్దం చూసింది. సీట్లోంచి లేచి వంగి చూసింది.

“బాపూ, ఏడున్నవ్?”

“ఈడనే ఉన్న.”

“కనిపిస్తలేవు.”

నేను కదలలేదు. ఆమె దిగి, బస్సు చుట్టూ తిరిగి వచ్చి, నన్ను చూసి నా చొక్కా చెయ్యి పట్టుకుంది. నాగ్‌పాడాలో జరిగిన సంగతి అప్పుడు ఆమెకూ చెప్పాను. ఇంట్లో ఎందుకు చెప్పలేదని అడగలేదు. ఆ మనిషికి దెబ్బ తగిలిందా అని మాత్రం అడిగింది. లేదన్నాను.

బయలుదేరే పొద్దున రేవు దగ్గర, అవతలి ఒడ్డుకు దాటించే లాంచీలోకి సైకిళ్లు ఎక్కిస్తున్నారు. ఇడ్లీ ఒక్కటి కూడా లోపలికి పోలేదు. బృందం నడిపే ఆయన నన్ను వరసలో చివర, బస్సుకు ముందుగా తొక్కమన్నాడు. ఎదర ఇరుకు మలుపు ఉండగా వెనక నుంచి పెద్ద బండి వస్తే ఈల వెయ్యడానికి ఒక విజిల్ ఇచ్చాడు. ఒక్కసారి ఊదితే నెమ్మదించండి అని అర్థం, అది అందరికీ ముందే చెప్పాడు.

ఆరు రోజుల్లో ఆ విజిల్ పదకొండుసార్లు ఊదాను. ఎవరూ పడలేదు. భయం తగ్గిందా అని టీచరమ్మ ఫోనులో అడిగింది. తగ్గలేదన్నాను. ప్రతి దిగుడులోనూ నోరు ఎండిపోయేది. ప్రతి మలుపు దగ్గరా ముందున్న మా అమ్మాయి ఆకుపచ్చ హెల్మెట్ కనబడకుండా పోయేది. అది మళ్లీ కనబడేదాకా నేను ఊపిరి తీసుకున్నానో లేదో నాకే తెలియదు.