షేక్ లేని ఫొటో

షేక్ అబ్దుల్ వాహిద్ తన పేరు మీద తానే వేసుకునే జోకు ఒకటుంది. "షేక్ నా పేర్లో ఉండాదప్పా, నా ఫొటోలో మాత్రం ఉండదు." ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వాళ్లలో ఈ మాట విననివాళ్లు లేరు. చెయ్యి కదిలి బొమ్మ అలుక్కుపోతే 'షేక్ అయింది' అని పక్కన పారేయడం మా పనిలో మామూలే. వాహిద్ మామ దగ్గర ఆ మాటకు చోటే లేదు.

ఆయనది నగల ఫొటోల స్టూడియో. హారాలు, వడ్డాణాలు, జిమికీలు నల్ల వెల్వెట్ గుడ్డ మీద పెట్టి తీస్తాడు. పక్కనే నా డిజైనింగ్ షాపు. ఆయన తీసినవాటిని క్యాటలాగుల్లో పేర్చేది నేనే. మామ బటన్ నొక్కేముందు ఫ్యాన్ ఆపేస్తాడు. ఊపిరి బిగబడతాడు. వీధిలో లారీ పోతుంటే అది పోయేదాకా ఆగుతాడు. ఆ లోపల నేను దగ్గినా తిట్లే. ఇదేం చాదస్తంరా అని నాకు ఒళ్లు మండేది గానీ, ఫొటో చూశాక నోరు మూసుకునేవాణ్ణి.

రెండువేల పదిహేనులో జమ్మలమడుగు రోడ్డు మీద బండి జారి మామకు కాలు విరిగింది. మూడు నెలలు కట్టు. అంగళ్ల వాళ్లు ఆగరు కదా, కెమెరా ఆయన భార్య దిల్షాద్‌బీ అత్త చేతికి వచ్చింది. జమ్మలమడుగు నుంచి కోడలిగా వచ్చిన నాటినుంచీ ఆమె స్టూడియోలో నగలు తుడిచి పెట్టేది, లైట్లు పట్టుకునేది. చూసి చూసి పని నేర్చుకుంది. తీసిన ప్రతి ఫొటోనూ లోపలికి తీసుకుపోయి మంచం మీదున్న మామకు చూపించి, "చూడండి, షేక్ కాలేదు కదా?" అని అడిగేది. ఆయన పెద్దది చేసి అంచులన్నీ వెతికి, "ఊఁ" అనేవాడు. మెచ్చుకోలంటే అంతే.

కట్టు విప్పాక మామ కెమెరా కార్డు తెచ్చి నా కంప్యూటర్లో పెట్టించాడు. అత్త కూడా వచ్చి వెనక నిలబడింది. అంగళ్ల నగలన్నీ చక్కగా ఉన్నాయి. వాటి తర్వాత ఇంకో నలభైకి పైగా ఉన్నాయి. పళ్లెంలో వంకాయలు, సుర్మా సీసా, ఆమె సొంత గాజులు. ఒక్కటీ తేటగా లేదు. ఎర్ర గాజుల ఫొటో ఒకటి నాకిప్పటికీ గుర్తు. నల్ల గుడ్డ మీద ఆ ఎరుపు బెల్లం పాకం తీగ సాగినట్టు కిందికి సాగింది.

"ఏందే ఇది, అన్నీ షేక్ చేసినావు!" అన్నాడు మామ.

"షేక్ కాదు. కావాలనే కదిలించినా. బటన్ నొక్కి, కెమెరాను మెల్లగా కిందికి..."

ఆమెను ముగించనివ్వంది నేనే. "షేకుల ఇంటి కోడలివి గదత్తా, షేక్ చెయ్యకపోతే ఎట్ల?" అన్నాను. మామ కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వాడు. ఆమె కూడా కొంచెం నవ్వింది. ఆ నవ్వు చూసి నేను నిజంగానే అంతా సరదా అనుకున్నాను. నవ్వుతూనే మామ ఆ నలభై ఫొటోలూ చెరిపేశాడు. మరుసటి రోజు నుంచి అత్త మళ్లీ లైట్లు పట్టుకుంది. కెమెరా ముట్టలేదు. ఎందుకని మేమిద్దరమూ అడగలేదు.

పోయిన ఏడాది పులివెందులలో ఒక కాలేజీ వాళ్లు ఫొటోల ప్రదర్శన పెట్టారు. ఫ్లెక్సీలు నేనే వేశాను. వాటిని ఇవ్వడానికి పోతుంటే మామ కూడా బయల్దేరాడు. ఒక గోడ మీద రెండు కుండల ఫొటో ఉంది. కుండల రంగు పక్కకు సాగిపోయి ఉంది.

"ఎవురో షేక్ అయింది తెచ్చి పెట్టినారే," అన్నాను.

అక్కడున్న నాగవేణి మేడం, ఆ కాలేజీలో పాఠాలు చెప్పే ఆవిడ, నవ్వింది. "షేక్ కాదండీ. కావాలనే కదిలించి తీసింది. షట్టర్ తెరుచుకుని ఉన్నంతసేపూ కెమెరాను ఒక తీరుగా జరపాలి. అది అందరికీ రాదు."

మామ అక్కడున్న కుర్చీలో కూర్చుండిపోయాడు. తిరుగు బస్సు ముద్దనూరు దాటింది. అప్పుడన్నాడు: "ఆ పొద్దు మీ అత్త కావాలనే అని చెప్పింది గదప్పా. నువ్వూ విన్నావు గదా?"

"విన్నా మామా."

విన్నాను. విని, జోకేశాను. సిగ్గుతో నాకు కిటికీ వైపు తిరగక తప్పలేదు.

ఆ వారమంతా మామ తలుపేసుకుని తానే ప్రయత్నించాడు. ముప్పై ఏళ్లు బిగబట్టిన చెయ్యి, బటన్ దగ్గరికి రాగానే కొయ్యబారిపోయేది. బలవంతంగా కదిలిస్తే ఎగుడుదిగుడు గీతలొచ్చేవి. నాకు చూపించి, "ఇదప్పా షేకంటే. ఆయమ్మ తీసింది షేక్ కాదు," అన్నాడు.

చివరికి ఆమెనే పిలిచాడు. నేనూ ఉన్నాను, ఉండాలనే ఉన్నాను.

"తప్పు చేసినా దిల్షాద్. నీ ఫొటోలు నేనే పోగొట్టినా. శానా బాగుండె అవి. మళ్లొకసారి తియ్యి."

"నా తప్పు కూడా ఉండాదత్తా," అన్నాను నేను.

"ఎప్పటి మాటో, ఇప్పుడేంది," అంది ఆమె. అయినా చేతి గాజులు తీసి నల్ల గుడ్డ మీద పెట్టింది. కొంగుతో చేతులు తుడుచుకుని కెమెరా అందుకుంది. తనే పోయి ఫ్యాన్ ఆపింది. వీధిలో లారీ పోయేదాకా ఆగింది. ఊపిరి బిగబట్టింది. మేమిద్దరం ఆమె చేతుల వైపే చూస్తున్నాం. అవి కదల్లేదు.

తెర మీద గాజులు ఎంత తేటగా ఉన్నాయంటే, ఒకదాని అంచున సన్నటి పగులు కూడా కనబడుతోంది. ఆమె కెమెరాను మామ ముందు పెట్టింది.

"చూడండి, షేక్ కాలేదు కదా?"

మామ ఎప్పటిలాగే పెద్దది చేసి అంచులన్నీ వెతికాడు.

"కాలేదు," అన్నాడు.