సమురాయి మైల స్నానం

ఆ రోజుల్లో నాకు చావంటే భయం లేదని చెప్పుకు తిరిగేవాణ్ణి. ఇరవై ఏళ్ళవాడు చెప్పేవాటిలో నిజాలు తక్కువే లెండి. అంతకు ముందు ఏడాదే మా నాన్న పోయారు. (ఎనిమిదో తరగతి నన్ను రెండేళ్ళు భరించి వదిలేసింది. ఆయన అంతకంటే ఎక్కువే భరించారు.) భీమవరంలో ఒక ఐసు ఫ్యాక్టరీలో పనికి కుదిరి, దాని మీది గదిలోనే ఉండేవాణ్ణి. కింద రొయ్యల కోసం ఐసు దిమ్మలు, పైన నేను.

హాస్టల్లో గోల చేయనివ్వరని ఆదివారాలు ముగ్గురు ఇంజనీరింగ్ కుర్రాళ్ళు నా గదికి వచ్చేవారు: కళ్ళజోడు, పొడుగోడు, తణుకోడు. వాళ్ళది సమురాయిల ఆట. సమురాయంటే పాతకాలపు జపాను కత్తివీరుడు. కళ్ళజోడు కథ చెబుతుంటే మేం తలో సమురాయిలా మాట్లాడుతూ, పాచికలు వేస్తూ అందులో నడవాలి. ఒక్కటే నిబంధన. మన సమురాయి చస్తే ఆట చూడొచ్చు, టీ కాచొచ్చు, నోరు మాత్రం ఎత్తకూడదు. నాకు అంతకంటే ఘోరమైన చావేముంటుంది చెప్పండి.

ఓ ఆదివారం కళ్ళజోడు గొంతు తగ్గించి, "కోట దొరగారు గడియ వేసిన గదిలో చచ్చి పడున్నారు. ఒంటి మీద గాయం లేదు. పొద్దుగూకేలోగా ఎవరు చంపారో రుజువు చెయ్యకపోతే బావ సమురాయి తన పొట్ట తనే కోసుకోవాలి" అన్నాడు. (బావంటే నేనే.) శవం పెదవుల మీద తెల్లటి పొడి కనిపించింది. దాన్ని నా అంగీ చేతికి తుడిచి భద్రం చేశాను. తెలివి అక్కడి వరకూ ఉంది. తర్వాత దొరసానిని ప్రశ్నించాలి. దొరసాని కూడా కళ్ళజోడే. "అమ్మగారూ, ఏమైనా ఎంగిలిపడ్డారా?" అన్నాను. "విచారణ చెయ్యి బావా." "ఇలాంటప్పుడు ఏం అడుగుతామండీ" అని కాసేపు కూర్చుని లేచొచ్చేశాను.

"సెలవు తీసుకోలేదేంటి? దొరసానికి అవమానం, నీ పరువు సగం పోయింది" అన్నాడు కళ్ళజోడు. "చావింట్లో వెళ్ళొస్తానని ఎవడంటాడ్రా? మళ్ళీ ఇలాంటి పనికే రావాలనా?" అన్నాను. పొడుగోడు పగలబడి నవ్వాడు. "సరే, ఇప్పుడేం చేస్తావు?" అని కళ్ళజోడే అడిగాడు. "శవాన్ని ముట్టుకున్నాను కదా, బట్టలతోనే ఏట్లో మునుగుతాను." కళ్ళజోడు కళ్ళద్దాలు తీశాడు. "ఆ అంగీతోనేనా?" "మైలబట్ట తడపకుండా ఇంటికెళ్తారేంటి?" "విషం ఏట్లో కలిసిపోయింది బావా."

పొద్దుగూకింది. కొలువులో తడిబట్టలతో నిలబడ్డ నా సమురాయి దగ్గర రుజువు లేదు. ఏదో జోకు వేద్దామనుకున్నాను, రాలేదు. "సరే, కానియ్యి" అన్నాను. పొట్ట కోసుకోవడానికి పాచికలు కూడా అక్కర్లేదట. నేను చచ్చాను కాబట్టి మాట్లాడకుండా టీ గ్లాసులు తీస్తున్నాను. నాన్న పోయిన రోజు మా వాకిలి గుర్తొచ్చింది. ఒక్కొక్కరే లేచి, ఏమీ చెప్పకుండా వెళ్ళిపోయిన ఆ మనుషులు. ఒక్కరైనా మళ్ళీ వస్తామంటారేమోనని నేను చూసిన చూపు.

కుర్రాళ్ళు లేచారు. పొడుగోడు గుమ్మం దగ్గర అలవాటు కొద్దీ "వస్తాం బా..." అంటుండగా తణుకోడు అరచేత్తో వాడి నోరు మూశాడు. ముగ్గురూ తలలు వంచుకుని, మాటా పలుకూ లేకుండా మెట్లు దిగారు. కాసేపటికి కింద కుళాయి తిప్పిన చప్పుడు. "నెత్తి మీద పొయ్యరా, శవాన్ని చూశాం" అని ఒకడు, "ఐసు నీళ్ళురా బాబూ" అని పొడుగోడు.

చచ్చినవాడు నోరెత్తకూడదు కాబట్టి, గ్లాసులు పట్టుకున్న ఆ కుర్రాడు నోరు మూసుకునే ఏడ్చాడు. ఇప్పుడు వాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. పాపం, సమురాయి కోసమే ఏడుస్తున్నాననుకున్నాడు.